రెండు చీపుర్ల ఊరు

జర్మనీలోని స్టుట్‌గార్ట్ అంటే మనవాళ్లకి కార్లు. బెంజి, పోర్షె, వాటికి సామాన్లు చేసే బాష్. కానీ ఆ ఊళ్లో నాలుగేళ్లు అద్దెకుండి వచ్చినవాళ్లని కదిపి చూడండి, కార్ల కంటే ముందు చీపురు మాట వస్తుంది. ఒకటి కాదు, రెండు. మెట్ల మీద ఆడే చీపురు ఒకటి, వైన్ ఇంటి గుమ్మానికి వేలాడే చీపురు ఇంకొకటి. ఆ ఊరి స్వభావం ఈ రెండింటి మధ్యే ఉందని, కార్లు తర్వాత వచ్చి చేరాయని మా అభిప్రాయం.

మొదటి చీపురు సంగతి ముందు. దాని పేరు కేర్‌వోహె, అంటే ఊడ్చే వారం. మూడంతస్తుల ఇల్లు, అంతస్తుకి రెండు వాటాలు అనుకోండి. ఇందులో చిన్న వంతు, పెద్ద వంతు అని ఉంటాయి. చిన్న వంతు మీకూ ఎదురువాటా వాళ్లకీ మధ్య వారం మార్చి వారం తిరుగుతుంది. మీ గుమ్మం ముందున్న జాగా, అక్కడి నుంచి కింది అంతస్తుకి దిగే మెట్లు, చేతిపట్టు కమ్మీ, మెట్ల పక్క కిటికీ గట్టు దీనిలోకి వస్తాయి. పెద్ద వంతు ఆరు వాటాల్లోనూ వరసన తిరుగుతుంది. నేలమాళిగ మెట్లు, వీధి తలుపు, పెరడు, చెత్తడబ్బాల చోటు, ఇంటి ముందు కాలిబాట అన్నీ అందులోవే. వంతు ఎవరిదో చెప్పడానికి ఒక చిన్న పలక ఉంటుంది. పని పూర్తయ్యాక దాన్ని తీసి పక్కవాళ్ల తలుపు పిడికి తగిలిస్తారు. మాటామంతీ అక్కర్లేదు. పొద్దున తలుపు తీస్తే పలక వేలాడుతుంటుంది, ఆ వారం మీది.

పనికో పద్ధతుంది. పై మెట్టు నుంచి కిందికి రావాలి. ముందు పొడిగా ఊడ్చి, చేటలోకి ఎత్తి, ఆ తర్వాతే తడిగుడ్డ. ఆ చేటని వాళ్ల యాసలో కుట్టర్‌షౌఫెల్ అంటారు. వరస తప్పి ముందే తడిపితే దుమ్మంతా బురదై మెట్టు మూలల్లో కరుచుకుంటుంది, ఇక అది గోటితో గీకితే గానీ రాదు. పాత ఇళ్లలో మెట్లు చెక్కవి కనక గుడ్డని గట్టిగా పిండాలి, నీళ్లు నిలిస్తే చెక్క ఉబ్బుతుంది, మెరుపు పోతుంది. కాళ్లు తుడుచుకునే పట్టాని ఎత్తి దాని కిందా ఊడ్వాలి. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు మర్చిపోయేది ఇదే, కింది వాటా పెద్దావిడ మొదట చూసేదీ ఇదే. ఆదివారం చప్పుడు చెయ్యకూడదు కాబట్టి శనివారంలోపు కానిచ్చెయ్యాలి. ఊరెళ్తుంటే ముందే ఎదురింటివాళ్లతో వంతు మార్చుకోవాలి. చెప్పకుండా వెళ్తే తిరిగొచ్చేసరికి పలక మీ తలుపుకే ఉంటుంది, దాంతో పాటు ఒక చీటీ కూడా.

ఇంకో సూక్ష్మం ఉంది. పని జరగడమే కాదు, జరిగినట్టు వినపడాలి. బకెట్ పిడి ఒకసారి ఠంగుమనాలి, చీపురు కమ్మీకి నాలుగుసార్లు తగలాలి. ఇల్లంతా నిద్రలో ఉన్నప్పుడు మౌనంగా ఊడ్చి పడుకున్నవాడు ఊడ్వనట్టే లెక్క.

పెద్ద వంతు శీతాకాలంలో పడితే మాత్రం నవ్వులాట కాదు. పనిదినాల్లో ఉదయం 7 కల్లా కాలిబాట మీద మంచు తీసి ఉండాలి. చెయ్యకపోతే జారిపడినవాళ్ల ఖర్చు మీ మెడకి చుట్టుకోవచ్చు. తాజాగా పడ్డ మంచు దూదిలా వస్తుంది. నలుగురు తొక్కాక పారకి లొంగదు, అందుకని నిద్ర మానుకుని ముందే లేవడం తెలివైన పని. తీశాక సన్న గులకరాయో ఇసుకో చల్లాలి. ఉప్పు చల్లితే చెట్ల వేళ్లకి చేటు కాబట్టి మామూలుగా ఒప్పుకోరు. వసంతం రాగానే ఆ గులకంతా మళ్లీ ఊడ్చి ఎత్తేదీ వంతున్నవాళ్లే.

ఇదేదో నిన్నమొన్నటి పిచ్చి కాదు. 1492లోనే ఊరి కట్టడిలో రాశారు. ప్రతి ఇంటివాడూ తన పెంటని వారం వారం ఊరి బయటికి తోలాలి, ఇంట్లో మరుగుదొడ్డి లేనివాడు రోజూ రాత్రి ఆ మురికిని వాగు దాకా మోసుకుపోవాలి అని. 1714లో వీధుల శుభ్రత మీద ఇంకో ఆజ్ఞ వచ్చింది. వారం వారం ఊడ్వాలన్న నగర నిబంధన 1988 దాకా నిలిచింది. మేయర్ మాన్‌ఫ్రెడ్ రోమెల్ కాలంలో దాన్ని ఎత్తేశారు. నిబంధన పోయింది గానీ వంతు పోలేదు, అద్దె ఒప్పందంలో దూరి కూచుంది. ఇప్పుడిప్పుడే చాలా ఇళ్లలో ఊడ్చే పని బయటి మనుషులకి అప్పగించి ఆ డబ్బుని నెలవారీ ఖర్చుల్లో కలిపేస్తున్నారు. మెట్లు అద్దంలా ఉంటాయి, కానీ ఎదురువాటాలో ఎవరుంటున్నారో తెలియదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఊరి నేల తీరు చూస్తే కొంత అర్థమవుతుంది. యూరప్‌లో పెద్ద ఊరంటే పక్కన పెద్ద నది. స్టుట్‌గార్ట్ నడిబొడ్డుకి ఆ భాగ్యం లేదు. మూకుడులాంటి లోయ, అడుగున నేసెన్‌బాఖ్ అనే బక్కవాగు. అంత చిన్న వాగు ఒక రాజధాని మురికిని ఈడ్చుకుపోలేదు, కనక మనుషులే ఊడ్చుకోవాలి. ఆ వాగు కూడా ఇప్పుడు భూమి కిందికి పోయింది, రోడ్డు మీద నడిచేవాడికి దాని జాడ తెలియదు. అసలు నది నెకార్, అది కాన్‌స్టాట్‌ది. కాన్‌స్టాట్‌ని 1905లో స్టుట్‌గార్ట్‌లో కలిపారు. అక్కడి పాతకాపుల్ని మీది స్టుట్‌గార్టా అని అడిగితే ఈనాటికీ కాన్‌స్టాట్ అనే సరిదిద్దుతారు.

ఊరి పేరులో ఉన్నది గుర్రాలు. క్రీస్తుశకం 950 ప్రాంతంలో ష్వాబియా డ్యూకు లియుడోల్ఫ్ ఈ లోయలో ఆడగుర్రాల దొడ్డి పెట్టించాడని చెబుతారు. ష్టూటెన్‌గార్టెన్ అన్న ఆ మాటే నలిగి ఊరి పేరైంది, నగర చిహ్నంలో బంగారు రంగు మీద నల్లగుర్రం నిలిచింది. వుర్టెంబర్గ్ ప్రభువులకి ఇది రాజధాని. మధ్యలో రెండుసార్లు, 1718 నుంచి 1733 దాకా ఒకసారి, 1764 నుంచి 1775 దాకా ఒకసారి, డ్యూకులు కొలువుని పక్కనే కొత్తగా కట్టుకున్న లుడ్విగ్స్‌బర్గ్‌కి మార్చేశారు. కొలువు పోతే దర్జీ నుంచి రొట్టెలవాడి దాకా అందరి పొట్టా కొట్టినట్టే. 1806లో వుర్టెంబర్గ్ రాజ్యమైంది, 1952 నుంచి బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రానికి ఇదే రాజధాని.

మూకుడులో ఉన్న ఊరికి ఎటు వెళ్లాలన్నా ఎక్కుడే. నెకార్ ఒడ్డున సముద్రమట్టానికి 207 మీటర్లుంటే, పై అంచున 549 మీటర్లు. ఈ వాలు మీద ఒకప్పుడంతా ద్రాక్షతోటలే. తోటల్లోకి ఎక్కడానికి రాళ్లు పేర్చి మెట్లు కట్టారు. తర్వాత తోటలు కొట్టేసి ఇళ్లు కట్టుకున్నా మెట్లని మాత్రం ఉంచేశారు. అలాంటి మెట్లదారులు ఊరంతా కలిపి 400 పైనే, పొడవు కలిపితే 20 కిలోమీటర్లు దాటుతుంది. వాళ్లు వీటిని ష్టెఫెలె అంటారు. ఆ చివరి 'లె' ముద్దుకి తగిలించేది. ఇల్లు హౌస్ అయితే చిన్నిల్లు హోయ్స్‌లె, పావు లీటరు వైన్ ఫీర్టెలె. ఎంత పెద్ద వస్తువునైనా 'లె' పెట్టి చిన్నది చెయ్యడం ఆ యాస లక్షణం, గొప్ప చెప్పుకోవడం వాళ్లకి నప్పదు. వంటని మెచ్చుకోవాలన్నా "తినొచ్చు" అంటారు. తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే అన్నది అక్కడి సామెత.

ఈ మెట్లెక్కేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని. పాత రాతిమెట్లు నడుమ అరిగి గుంటపడి ఉంటాయి, వాన వెలిశాక ఆ గుంటలో నీళ్లు, చలికాలం తెల్లారి అదే గాజుముక్క. అంచున కమ్మీ పట్టుకుని నడవడమే క్షేమం. అక్టోబరులో రాలిన ఆకులు తడిస్తే అరటితొక్కతో సమానం. మెట్ల ఎత్తులు ఒకేలా ఉండవు, తోట కూలీ అడుగుకి కట్టినవి అవి, లెక్కకి కట్టినవి కావు. పటం చూసి ఇల్లు 300 మీటర్లే కదా అనుకుని సూట్‌కేసుతో బయల్దేరినవాళ్లు మధ్యలో కూలబడతారు. షార్లొట్టెన్ కూడలి దగ్గర నుంచి ఆయ్‌గెన్ మెట్లమీదుగా పైకెక్కి గలాటియా ఫౌంటెన్ దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఊరి ఆకారం మొత్తం ఒక్కసారి బోధపడుతుంది.

ఎక్కలేనివాళ్లకి రెండు విచిత్రమైన బళ్లున్నాయి. ఒకటి త్సాకె, పళ్లపట్టా రైలు. 1884 ఆగస్టులో మొదలైంది, అప్పుడు ఆవిరి బండి. పట్టాల మధ్య నిచ్చెనలాంటి ఇనుప కడ్డీ, బండి కింది పళ్లచక్రం ఆ నిచ్చెన మెట్లలో దిగుతూ ఎక్కుతుంది. మారియెన్ కూడలి నుంచి డేగర్లోఖ్‌కి రెండు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో 205 మీటర్లు పైకి పోతుంది. మామూలు ఇనుపచక్రం ఇనుపపట్టా మీద అంత వాలులో జారిపోతుంది, అందుకే పళ్లు. పర్యాటకుల కోసం కాదు, అది రోజూ బడికీ పనికీ పోయేవాళ్ల బండి, 10వ నంబరు. సైకిళ్లకి ప్రత్యేకంగా ఒక చిన్న చదును బండి ముందు ఉంటుంది, పైకి ఎక్కేటప్పుడు దాన్ని రైలే నెట్టుకుపోతుంది.

రెండోది 1929 నాటి తాడుబండి, టేకు చెక్కతో చేసిన రెండు పెట్టెలు. ఒకే తాడుకి రెండు కొసల్లో రెండు పెట్టెలు. ఒకటి దిగే బరువు రెండోది ఎక్కడానికి సాయం. 536 మీటర్ల దారి, పైన అడవి శ్మశానం. సమాధులకి పూలు పట్టుకెళ్లే వితంతువులు, వాళ్ల వెనకే ఆస్తికోసం ఆశగా వచ్చే బంధువులు ఎక్కుతారని దానికి 'వారసత్వం కాజేసేవాళ్ల ఎక్స్‌ప్రెస్' అని పేరు పెట్టారు. ష్వాబులకి, అంటే ఈ ప్రాంతంవాళ్లకి, హాస్యం లేదనేవాళ్లు ఈ పేరు వినలేదన్నమాట.

వీధుల్లో తిరిగే పసుపుపచ్చ ట్రాముల మాట వేరు. 1959 నుంచి వచ్చిన జీటీ4 ట్రాములు మీటర్‌గేజి మీద, ఆ వంపుల్లో, ఎక్కుళ్లలో కిర్రుమంటూ తిరిగేవి. 1985లో మొదలుపెట్టి ఒక్కో లైనూ పెద్ద గేజికి మార్చారు. ఏళ్ల తరబడి ఒకే దారిలో రెండు రకాల బళ్లూ నడవాలి కాబట్టి మూడు పట్టాలు వేశారు. చివరి మీటర్‌గేజి లైను 15, అది 2007 డిసెంబరులో ఆగింది. ఆ పాత పెట్టెల్లో కొన్ని రుమేనియాలోని యాష్, అరాద్ ఊళ్లకి పోయి అక్కడ తిరిగాయి. ఒకటి రెండు కాన్‌స్టాట్ మ్యూజియంలో ఉన్నాయి.

పోయినవాటి లెక్క మొదలుపెడితే ట్రాముల దగ్గర ఆగదు. రెండో ప్రపంచయుద్ధంలో 53 వైమానిక దాడులు జరిగాయి. 1944 జులై రాత్రుల్లో పాతఊరు కాలిపోయింది, సెప్టెంబరు 12న లేచిన మంటలు ఇంకా ఘోరం. శిథిలాల్ని 1953 నుంచి 1957 దాకా బిర్కెన్‌కోఫ్ గుట్ట మీద పోశారు. గుట్ట 40 మీటర్ల దాకా పెరిగి 511 మీటర్లకి చేరింది. జనం దాన్ని మాంటె షెర్బెలీనో, అంటే పెంకుల కొండ అంటారు. పైన ఇప్పటికీ చెక్కిన స్తంభం ముక్కలు, కిటికీ కమానులు గడ్డిలో పడి ఉంటాయి, పిల్లలు వాటి మీదెక్కి ఆడతారు. అంతకు ముందే ఊరు తన మనుషుల్నే పంపేసింది. 1941 డిసెంబరు 1న లోపలి ఉత్తర స్టేషన్ నుంచి వుర్టెంబర్గ్ యూదులు దాదాపు 1,000 మందిని రైలెక్కించి రీగాకి తరలించారు. ముందు వాళ్లని పోగుచేసిన చోటు కిలెస్‌బర్గ్, రెండేళ్ల కిందట పూల ప్రదర్శన జరిగిన చోటే. ఆ పట్టాల దగ్గర 2006లో స్మారకం కట్టారు, గోడ నిండా పేర్లు.

బాంబులు వదిలేసినవాటిని కొన్ని యుద్ధం తర్వాత మనుషులే కూల్చారు, ఇది మాత్రం క్షమించరాని పని. ఎరిక్ మెండెల్‌జోన్ కట్టిన షొకెన్ దుకాణ భవనం 1928 నాటిది, గాజు మెట్లగది గుండ్రంగా తిరిగి ఉండేది. దెబ్బతిన్నా నిలిచింది, 1960లో పడగొట్టారు. కార్ల కోసం వెడల్పు చేసిన రోడ్లు పాత పేటల్ని నడిమికి కోశాయి. మూకుడులో గాలి కదలదని ఈ ఊరికి ఎప్పుడో తెలుసు. 1938లోనే నగరపాలన ఒక వాతావరణ శాస్త్రవేత్తని కొలువులో పెట్టుకుంది. రాత్రిళ్లు కొండల మీద చల్లబడిన గాలి బరువుగా లోయలోకి జారుతుంది, ఆ దారికి అడ్డంగా ఇళ్లు కట్టనివ్వకూడదు, వాళ్ల పటాల్లో అవి గీతలు గీసి ఉంటాయి. అంత తెలిసిన ఊరే నెకార్‌టోర్ కూడలిలో దేశమంతా చెప్పుకునేంత దుమ్ము పోగేసుకుంది, 2019లో పాత డీజిల్ బళ్లని ఊళ్లోకి రావద్దంది.

స్టేషన్ మాట ఎత్తితే అక్కడ ఈనాటికీ భోజనాల దగ్గర గొడవే. పౌల్ బొనాట్జ్, ఫ్రీడ్రిష్ ఆయ్‌గెన్ షోలర్ గీసిన రాతి స్టేషన్. 1914లో మొదలై, 1922లో మొదటి భాగం తెరిచి, 1928 నాటికి పూర్తయింది. రైళ్లు వచ్చి ఆగి వెనక్కి తిరిగే చివరి స్టేషన్ అది. 56 మీటర్ల గోపురం మీద బెంజి నక్షత్రం తిరిగేది. రైళ్లని పాతాళంలోకి దించి, దారిని అడ్డంగా తిప్పి, ఎనిమిది పట్టాలతో సరిపెట్టాలన్న పథకం పని 2010లో మొదలైంది. 2010 సెప్టెంబరు 30న పార్కులో చెట్లని కాపాడ్డానికి కూర్చున్నవాళ్ల మీద పోలీసులు నీటి ఫిరంగులు వాడారు. ఆ గురువారాన్ని నల్ల గురువారం అంటారు. ఉత్తర, దక్షిణ రెక్కలు రెండూ కూల్చారు. 2011 నవంబరులో ఓటు పెడితే రాష్ట్రంలో 58.9 శాతం పథకం ఆగొద్దన్నారు. ఆ తర్వాత ప్రారంభం తేదీ ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టడం కంటే మెట్లు లెక్కపెట్టడం సులువు. ఆ స్టేషన్ నెత్తిన తత్వవేత్త హేగెల్ వాక్యం ఒకటి పెట్టారు, తప్పు చేస్తానేమోనన్న భయమే అసలు తప్పు అన్న అర్థంలో. హేగెల్ ఈ ఊరివాడే, 1770లో పుట్టాడు. రెండు పక్షాలవాళ్లూ ఆ వాక్యం తమదేనంటారు.

ఈ ఊళ్లో పుట్టినవాళ్లలో మనకి తగిలేవాడు ఇంకొకడు, క్రైస్తవ మిషనరీ హెర్మన్ గుండెర్ట్. 1814లో పుట్టి, 1836లో మద్రాసు దిగి, కొంతకాలం మన చిత్తూరులో ఉన్నాడు, 1838లో పెళ్లి కూడా అక్కడే. ఆ తర్వాత మలబారు వెళ్లి మలయాళానికి నిఘంటువు చేసిపెట్టాడు. చిత్తూరులో నిలిచిపోయి ఉంటే ఏమయ్యేదో అని మనవాళ్లకి కాస్త ఈర్ష్య పుట్టడం సహజం.

తిండి దగ్గరికొస్తే ష్పెట్స్‌లె. నూడుల్స్ అనకూడదు, ఉండ్రాళ్లు అనకూడదు, రెండింటికీ నడుమ. మైదా 500 గ్రాములు, కోడిగుడ్లు 5, ఉప్పు ఒక చెంచా, నీళ్లు 200 మిల్లీలీటర్లు, కొద్దికొద్దిగా పోసుకోవాలి. చెక్కగరిటెతో పిండి బుడగలు తేలేదాకా బాదాలి. చెయ్యి లాగుతుంది, అదే కొలత. గరిటె ఎత్తితే పిండి జారుగా పడకూడదు, ముద్దగా ఊడకూడదు, సాగి సాగి తెగాలి. 15 నిమిషాలు నాననిచ్చి, తడిపిన చెక్కపలక మీద కొంచెం పరిచి, మరుగుతున్న ఉప్పునీళ్లలోకి కత్తితో సన్నగా గీరాలి. పైకి తేలగానే జల్లిగరిటెతో తియ్యాలి. పలకనీ కత్తినీ మాటిమాటికీ ఆ నీళ్లలోనే ముంచకపోతే పిండి అంటుకుని ముక్కలు దొడ్డుగా పడతాయి. పిండి పల్చనైతే నీళ్లలోనే చీలికలైపోతుంది. ఒకేసారి ఎక్కువ గీరితే నీళ్ల మరుగు తగ్గి అన్నీ ఒక ముద్ద. గీరడం చేతకానివాళ్లకి ప్రెస్సు ఉంది, చూస్తే అచ్చం మన జంతికల గొట్టమే. ఇంటినుంచి తెచ్చుకున్న గొట్టంతో పని జరుపుకున్న తెలుగు వంటిళ్లూ లేకపోలేదు. పాతకాలపు ఆవిడలు మాత్రం గొట్టంలోంచి వచ్చినదాన్ని ష్పెట్స్‌లె అని ఒప్పుకోరు.

దాని పక్కన పప్పు. అవును, మన మసూరుకి చుట్టమే. గోధుమరంగు పప్పుని ఉడికించి, మైదాని నేతిలాంటి కొవ్వులో ఎర్రగా వేయించి కలిపి, దింపే ముందు వెనిగర్ పోస్తారు. ముందే పోస్తే పులుపుకి పప్పు గట్టిపడి ఎంతసేపున్నా ఉడకదు, చింతపండు ముందేసినట్టే. పక్కనున్న ఆల్బ్ కొండల్లో పండే పాత రకం పప్పువిత్తనం పూర్తిగా పోయిందనుకున్నారు. 2006లో సెయింట్ పీటర్స్‌బర్గ్ విత్తనాల భాండాగారంలో దొరికింది, మళ్లీ పండిస్తున్నారు.

కాన్‌స్టాట్ జాతరకీ ఆకలే మూలం. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ బూడిదకి 1816లో యూరప్‌లో ఎండాకాలమే రాలేదు, పంటలు కుళ్లిపోయాయి. రాజు విల్హెల్మ్, రాణి కథరీనా 1818లో హోహెన్‌హైమ్‌లో వ్యవసాయ పాఠశాల పెట్టారు, అదే ఏడు సెప్టెంబరులో రైతుల జాతర పెట్టారు. మైదానంలో ధాన్యం, పళ్లతో కట్టే ఎత్తైన స్తంభం దానికి గుర్తు. ఇప్పుడు వచ్చేవాళ్లు బీరు కోసం వస్తారు, స్తంభం కింద నిలబడి ఫలానాచోట కలుద్దామని ఫోను చేసుకుంటారు. రాణి ఆ మరుసటి జనవరిలోనే పోయింది. రాజు తన వంశం కోటనే కూల్చి ఆ కొండమీద ఆమెకి సమాధి మందిరం కట్టించాడు.

ఆ మందిరం చుట్టూ ఇప్పటికీ ద్రాక్షతోటలే. రెండో చీపురు ఉండేది అక్కడ, రోటెన్‌బర్గ్, ఊల్‌బాఖ్, ఓబర్‌ట్యుర్క్‌హైమ్ పేటల్లో. తోట ఉన్న రైతు తన వైన్‌ని తన ఇంట్లోనే అమ్ముకోవచ్చు. ఏడాదికి 4 నెలలు మించకుండా, అదీ రెండు విడతల లోపు, 40 కుర్చీలు దాటకుండా. తెరిచి ఉందని చెప్పడానికి గుమ్మానికి పుల్లల చీపురు కడతాడు. అందుకే ఆ చోటు పేరే చీపురు, బేసెన్. ముందుగది ఖాళీ చేసి బల్లలు వేస్తారు. ఒక్కో ఇంట్లో మంచం గోడకి ఆనించి నిలబెట్టి ఉంటుంది. ఖాళీ బల్ల కోసం చూస్తూ నిలబడకూడదు, కూర్చున్నవాళ్ల పక్కన చోటుందా అని అడిగి ఇరుక్కోవాలి. సాయంత్రం 5 దాటాక వెళ్తే ఇరుక్కోవడానికీ ఉండదు. బీరు అడగొద్దు, ఉండదు. నోట్లూ చిల్లరా జేబులో పెట్టుకోండి. మాంసం తిననివాళ్లకి చీజ్ ష్పెట్స్‌లె ఒక్కటే దిక్కు.

ఇచ్చేది ట్రోలింగర్, లేత ఎరుపు, పల్చగా ఉంటుంది. బయటివాళ్లు దాన్ని ఎగతాళి చేస్తారు. ఊరివాళ్లు ఏమీ అనరు, తామే తాగేస్తారు. చెవి ఉన్న గ్లాసులో సరిగ్గా పావు లీటరు. మొదటి గ్లాసుకి పక్కవాడు పలకరించడు, రెండోదానికి వాన గురించి మాట్లాడతాడు, మూడోదానికి తన ఇంట్లో పెద్ద వంతు ఎవరు ఎగ్గొట్టారో పేర్లతో సహా చెబుతాడు. పీపా అయిపోయిన రోజున రైతు బయటికొచ్చి చీపురు విప్పి లోపల పెట్టుకుంటాడు, ఆ విడతకి అంతే. అక్కడి నుంచి ఆఖరి ట్రాము పట్టుకుని, చీకట్లో అరిగిన మెట్లు కమ్మీ పట్టుకుంటూ ఎక్కి, తాళం తియ్యబోతే చేతికి తగులుతుంది, పిడికి వేలాడుతున్న పలక.